ఏసీ రిమోట్ ఎవరి సొరుగులో ఉంది?

నల్లగొండ ప్రకాశం బజారులోనో, మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా చుట్టుపక్కలనో ఈమధ్య రూపు మార్చుకున్న ఏ మడిగెలోకి వెళ్లినా దాదాపు ఒకటే తీరు. ముందు మెరిసే ఏసీపీ షీటు (అల్యూమినియం పలక), దాని మీద ఎల్‌ఈడీ అక్షరాలు, లోపల జిప్సం ఫాల్స్ సీలింగ్, అందులో గుచ్చిన లైట్లు, కింద జారిపోయేంత నునుపు టైల్స్. ఫొటోలో బ్రహ్మాండంగా వస్తుంది. కొనేవాళ్లను వదిలేసి లోపల పనిచేసేవాళ్లను కాసేపు గమనిస్తే వేరే సంగతులు బయటపడతాయి. ఏసీ గాలి నేరుగా తగిలే కౌంటర్ దగ్గర అమ్మాయి చున్నీ చుట్టుకొని బిల్లు కొడుతుంటుంది, గ్లాసు తలుపు పక్కన నిలబడ్డ పిల్లవాడి చొక్కా చెమటకు తడిసి ఉంటుంది, మధ్యలో ర్యాకుల దగ్గర ఉన్నవాళ్లకు సాయంత్రానికి తలనొప్పి. రిమోట్ మాత్రం సేటు సొరుగులో ఉంటుంది. కొన్నిచోట్ల ఆ సొరుగుకు తాళం కూడా.

ఇంటీరియర్ మనుషుల మీద ఎలా పనిచేస్తుందని అడిగితే రంగుల గురించి చెప్పేవాళ్లే ఎక్కువ. నీలం ప్రశాంతతనిస్తుందట, ఎరుపు ఆకలి పెంచుతుందట, ఓ మూల మనీప్లాంట్ పెడితే మనసు బాగుంటుందట. అందులో ఎంతోకొంత నిజం ఉంటే ఉండొచ్చు. కానీ రోజుకు పది గంటలు ఒకే చోట ఉండేవాళ్లను గోడ రంగు కంటే గట్టిగా పట్టుకునేవి గాలి, వేడి, చప్పుడు, కూర్చోవడానికి లేకపోవడం. వీటన్నిటికీ తోడు, ఇందులో దేన్నీ తాము మార్చుకోలేకపోవడం. ఈ చివరి సంగతిని డిజైన్ లెక్కలో ఎవరూ వేయరు, అసలు తేడా అంతా చాలావరకు అక్కడే ఉన్నా సరే.

1960ల చివర్లో అమెరికాలో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఇందుకు మంచి ఆధారం. గదిలో మనుషులను కూర్చోబెట్టి, ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద చప్పుళ్లు వినిపిస్తూ పని ఇచ్చారు. కొందరి దగ్గర మాత్రం ఒక బటన్ పెట్టి, మరీ భరించలేకపోతే నొక్కండి, చప్పుడు ఆగిపోతుంది, కాకపోతే నొక్కకుండా ఉంటేనే మాకు మంచిది అన్నారు. వాళ్లు దాదాపుగా నొక్కనే లేదు. అంటే అందరూ విన్నది అదే చప్పుడు. కానీ ఆ తర్వాత ఇచ్చిన పనుల్లో, అచ్చుతప్పులు పట్టడం, తెగని చిక్కుముడుల్లాంటి లెక్కలతో కుస్తీ పట్టడం లాంటివాటిలో, బటన్ ఉన్నవాళ్లు ఎక్కువసేపు ఓపిక పట్టారు, తప్పులూ తక్కువ చేశారు. ఆపగలను అన్న భరోసా ఒక్కటే తేడా.

ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీకి చెందిన క్రెయిగ్ నైట్, అలెక్స్ హాస్లమ్ 2010లో ప్రచురించిన అధ్యయనం ఇదే సంగతిని నేరుగా ఆఫీసు గదిలోకి తెచ్చింది. ఒక గదిలో బల్ల, కుర్చీ తప్ప ఏమీ లేవు. రెండో గదిలో మొక్కలు, బొమ్మలు నిర్వాహకులే అందంగా సర్దారు. మూడో గదిలో అవే మొక్కలు, బొమ్మలు ఇచ్చి మీకు నచ్చినట్టు సర్దుకోమన్నారు. ఖాళీ గదితో పోలిస్తే అలంకరించిన గదిలో పని 17 శాతం మెరుగైంది, సొంతంగా సర్దుకున్న గదిలో 32 శాతం. నాలుగో గది కూడా ఉంది. అక్కడ వాళ్లను సర్దుకోనిచ్చి, ఆ తర్వాత నిర్వాహకులు వచ్చి అంతా తమకు నచ్చినట్టు మార్చేశారు. వచ్చిన లాభం కాస్తా పోయింది. మొక్కలు అవే, బొమ్మలు అవే. మేనేజర్ రాగానే బల్ల మీద దేవుడి పటం తీసేయమనే ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఈ నాలుగో గదిని వేరుగా వివరించనక్కర్లేదు.

మన దగ్గర ముందుగా మాట్లాడుకోవాల్సింది వేడి గురించి. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. పాత కట్టడాలు దీన్ని తెలిసి కట్టినవి. ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, పైన వేడిగాలి పోవడానికి రోషన్‌దాన్, కింద షాబాద్ బండలు. వాటిలో చీకటి ఎక్కువ, దుమ్ము ఎక్కువ, బల్లులు ఎక్కువ, అవన్నీ నిజమే, ఆ రోజులే బాగుండేవని ఏడవడం ఇక్కడ ఉద్దేశం కాదు. కానీ కొత్త మడిగెల్లో జరిగేది చూడండి. పది అడుగుల కప్పు కింద అడుగున్నర దించి ఫాల్స్ సీలింగ్ వేస్తారు. దాంతో సీలింగ్ ఫ్యాన్ లుక్ చెడగొడుతుందని తీసేస్తారు. రోడ్డు వైపు తెరుచుకోని గ్లాసు బిగిస్తారు. కరెంటు ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు, బిల్లింగ్ కంప్యూటర్ నడుస్తాయి, ఏసీ నడవదు, ఫ్యాన్ లేదు, కిటికీ లేదు. కొనేవాళ్లు బయటికి పోతారు. పనిచేసేవాళ్లు పోలేరు కదా.

ఇందులో వాస్తు పాత్ర కూడా చిన్నదేం కాదు. ఇక్కడ ఇంటీరియర్ డిజైనర్ కంటే ముందే వాస్తు చెప్పేవారు వచ్చి వెళ్తారు, గల్లా ఏ దిక్కుకు ఉండాలో, సేటు ఎటు మొహం పెట్టి కూర్చోవాలో ఆయన చెప్పాకే మిగతా డ్రాయింగ్ మొదలవుతుంది. యజమాని నైరుతిలో కూర్చోవాలంటారు. నైరుతి అంటే దక్షిణం, పడమర గోడలు కలిసే మూల, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ మొత్తం కొట్టేది ఆ మూలకే. అందుకని బిల్డింగ్‌లోకెల్లా పెద్ద ఏసీ ఆ క్యాబిన్‌కే పెట్టాల్సి వస్తుంది, హాల్లో ఉన్న పదిహేను మందికి మిగిలినది సరిపెడతారు. నమ్మకం వాళ్ల ఇష్టం. కనీసం ఆ పడమర గోడకు బయట నీడ ఏర్పాటు చేస్తే ఏ దేవుడూ అడ్డు చెప్పడు.

ఎంత చల్లగా ఉండాలనే లెక్క కూడా మన ఒళ్లు చూసి వేసింది కాదు. ఆఫీసుల ఏసీ ప్రమాణాలు 1960ల నాటి లెక్కల మీద, ఒక సగటు మగవాడి శరీరం పుట్టించే వేడిని బట్టి తయారయ్యాయని, దానివల్ల ఆడవాళ్ల శరీరంలో పుట్టే వేడిని ఎక్కువగా అంచనా వేస్తున్నారని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2015లో చూపించారు. బిల్లింగ్ అమ్మాయి చున్నీ చుట్టుకోవడం నాజూకుతనం కాదన్నమాట. అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ వాళ్లు దేశంలోని ఐదు నగరాల్లో ఆఫీసులు తిరిగి అడిగితే, విదేశీ ప్రమాణాలు ఒప్పుకునే దానికంటే ఎక్కువ వేడిలోనూ మనవాళ్లు హాయిగానే ఉన్నామని చెప్పారు, ముఖ్యంగా కిటికీ తెరుచుకునే వీలు, ఫ్యాన్ వేసుకునే వీలు ఉన్నచోట. 2020 జనవరి 1 నుంచి కొత్తగా వచ్చే ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా మిగులుతుందని లెక్క చెప్పింది. 26లో పెట్టి పైన ఫ్యాన్ తిప్పితే చాలా షాపులకు సరిపోతుంది. ఆ ఫ్యాన్‌నే కదా సీలింగ్ కోసం పీకేసింది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అంటే ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత లేదా పెంకులు పైకప్పు మీద వేయడం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ, 600 గజాలు దాటిన స్థలాల్లో కట్టే ఇళ్లకూ ఇది తప్పనిసరి అన్నారు. కింద లక్షలు పోసి ఫాల్స్ సీలింగ్ చేయించిన బిల్డింగుల మీదికెక్కి చూస్తే నల్లబడ్డ సిమెంటు స్లాబు, పగిలిన వాటర్ ట్యాంకు. పైన ఉండేది ఎవరికీ కనపడదు మరి.

గాలి సంగతికొస్తే, దానికి బాగా బలవుతున్నది స్టడీ హాళ్లు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలతో జిల్లా గ్రంథాలయాలు సరిపోక, నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు రీడింగ్ రూములు గల్లీకొకటి వెలిశాయి. నెలకింత అని కట్టించుకొని, ప్లైవుడ్ అడ్డలతో చిన్న చిన్న గూళ్లు చేసి, స్ప్లిట్ ఏసీ, వైఫై, మంచినీళ్లు ఇస్తారు. ఇంట్లో చోటు లేని పిల్లలకు అది నిజంగా పెద్ద ఆసరా, తీసిపారేయాల్సింది కాదు. చిక్కంతా ఆ ఏసీ దగ్గరుంది. స్ప్లిట్ ఏసీ బయటి నుంచి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. చల్లదనం పోకుండా తలుపులు మూస్తారు, కిటికీ సందులకు టేపు అంటిస్తారు, లోపల ముప్పై నలభై మంది పొద్దంతా వదిలిన గాలే పీలుస్తుంటారు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420) చుట్టూ ఉంటుంది. మూసిన గదిలో జనం నిండితే గంటా రెండు గంటల్లో అది వెయ్యి దాటి రెండు వేల వైపు పోవడం పెద్ద విషయం కాదు. అమెరికాలో హార్వర్డ్ బృందం 2015లో 24 మందిని ఒక ఆఫీసులో ఆరు రోజులు కూర్చోబెట్టి, వాళ్లకు చెప్పకుండా గాలిని మార్చి చూసింది. ఈ వాయువు 1,400 పీపీఎం దగ్గర ఉన్న రోజు నిర్ణయాలు తీసుకునే పరీక్షల్లో మార్కులు, మంచి గాలి ఉన్న రోజుతో పోలిస్తే సగానికి పడిపోయాయి. ఆ తర్వాత వేరేవాళ్లు చేసిన అధ్యయనాలన్నీ ఇంత తేడా చూపలేదు, కాబట్టి ఆ సగం అన్న అంకెను పట్టుకొని ఊగనక్కర్లేదు. కానీ మూసిన గదిలో మగత, తలబరువు వస్తాయన్నది అందరికీ ఎరుకే. మధ్యాహ్నం మూడింటికి పుస్తకం మీద తల వాల్చిన పిల్లవాడు తనకే పట్టుదల లేదనుకుంటాడు, ఇంకో టీ తాగొస్తాడు. ఆ టీ కోసం పది నిమిషాలు బయట నిలబడటంతోనే సగం తేరుకుంటాడేమో కూడా. ఒక మూల ఎగ్జాస్ట్ ఫ్యాన్, దానికి ఎదురు మూలన గాలి వచ్చే జాలీ, ఇంతే కావాల్సింది. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది, ఫీజులో ఇరవై రూపాయలు పెంచి చెప్పినా పిల్లలు కాదనరు, ఎందుకో చెప్తే.

చప్పుడు గురించి ఆఫీసులవాళ్లు ఎక్కువ బాధపడతారు. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచాక హైదరాబాద్ పోకుండా ఇక్కడే కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు పెరిగారు, వాళ్లతోపాటు ఓపెన్ ఆఫీసు అనే మాట కూడా ఊళ్లోకి వచ్చింది. గోడలు తీసేస్తే అందరూ కలిసి మాట్లాడుకుంటారని దాని వెనక నమ్మకం. హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ 2018లో, గోడలు తీసేసి ఓపెన్ హాళ్లకు మారిన రెండు పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల మెడలో చిన్న పరికరాలు వేసి కొలిచారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి. అందరూ చూస్తున్నచోట మనిషి చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకొని మౌనంగా ఉంటాడు, అంతే. అంతకు ముందు 1968లో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం రాబర్ట్ ప్రాప్స్ట్ తయారుచేసిన కదిలే అడ్డల పద్ధతి కూడా ఉద్యోగికి తన చోటును తనే మార్చుకునే వీలివ్వాలనే మొదలైంది. కంపెనీలు దాన్ని తక్కువ చోటులో ఎక్కువమందిని ఇరికించే డబ్బాలుగా మార్చేస్తే ఆయనే తర్వాత వాపోయాడు.

హోటళ్లలో ఇది ఇంకో రకం. పైఅంతస్తు ఏసీ ఫ్యామిలీ సెక్షన్లలో టైల్స్, గ్లాసు, జిప్సం, అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. చుట్టూ చప్పుడుంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లోనే ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పాడు. ఒక బల్ల పెంచితే పక్క బల్ల పెంచుతుంది, చివరికి బిర్యానీ తినడానికి వచ్చినవాళ్లంతా పంచాయితీ చేస్తున్నట్టు అరుచుకుంటూ తింటారు. తినేవాళ్లు గంటలో పోతారు. సర్వర్లు రాత్రి పదకొండు దాకా ఉంటారు.

బ్యాంకుల్లో, రకరకాల సర్టిఫికెట్లు ఇచ్చే కౌంటర్లలో గ్లాసు అడ్డం. కరోనా కాలంలో పెట్టినవి చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. మాట్లాడటానికి కింద అర్ధచంద్రాకారంలో ఒక బెజ్జం వదులుతారు, అది కాగితాలకు సరిపోతుంది తప్ప గొంతుకు సరిపోదు. దాంతో పింఛను కోసం వచ్చిన ముసలమ్మ నడుము వంచి ఆ బెజ్జంలోకి మాట్లాడాలి, లోపలి గుమస్తా గట్టిగా అరిచి జవాబు చెప్పాలి, ఆమె ఖాతాలో ఎంతుందో వెనక లైన్లో ఉన్న ఊరివాళ్లందరికీ తెలిసిపోతుంది. గుమస్తాలకు కోపం ఎక్కువ అని జనం అంటారు, జనానికి వినపడదు అని గుమస్తాలు అంటారు. రెండువైపులా మనుషులు మామూలువాళ్లే, మధ్యలో ఉన్న ఆ గ్లాసే గొంతులు పెంచుతోంది. ఇక వేచి ఉండటం గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన మాట ఇక్కడ బాగా వర్తిస్తుంది: ఎంతసేపో తెలియని ఎదురుచూపు, ఎందుకో చెప్పని ఎదురుచూపు అసలు కంటే పొడుగ్గా అనిపిస్తాయి. టోకెన్ నంబరు కనపడే బోర్డు, లంచ్ ఎప్పుడో రాసిన ఒక కాగితం ఉంటే సగం గొడవలు ఉండవు. సోఫాలు వేసి బోర్డు చెడిపోతే బాగుచేయించని ఆఫీసులు కూడా ఉన్నాయి.

ఆస్పత్రుల విషయంలో బాగా తెలిసిన లెక్క ఒకటుంది. రోజర్ ఉల్రిచ్ 1984లో పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రి రికార్డులు తీసి, పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనపడినవారిని, ఇటుక గోడ కనపడినవారిని జతలుగా పోల్చాడు. చెట్లు కనపడినవాళ్లు కాస్త ముందే ఇంటికి పోయారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. మన టౌన్లలో నర్సింగ్ హోంల గదులకు చెట్టు దాకా ఎందుకు, పక్క బిల్డింగ్ గోడ కనపడటానికైనా కిటికీ ఉండాలి కదా.

బట్టల షాపుల్లో వచ్చిన మార్పు అన్నిటికంటే పెద్దది, దాని గురించి మాట తక్కువ. పాత షాపుల్లో నేల మీద తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది, సేటు, గుమస్తా, కొనేవాళ్లు అందరూ దాని మీదే కూర్చునేవారు, చీరలు ఒళ్లో పరిచి చూపించేవారు. దాన్నుంచి కౌంటర్లకు, కౌంటర్ల నుంచి నాలుగంతస్తుల మాల్స్‌కు వచ్చాం. ఇప్పుడు కూర్చునేది కొనేవాళ్లు మాత్రమే. చీరల సెక్షన్ అమ్మాయిలు పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటారు, కస్టమర్ లేకపోయినా సరే. కెమెరాలో కూర్చున్నట్టు కనపడితే ఫైన్ వేసే చోట్లూ ఉన్నాయి. ఇదంతా పద్ధతి ప్రకారం వేసిన డిజైనే: స్టూలు పెట్టలేదు, పెట్టడానికి చోటు వదల్లేదు. పాట కూడా లెక్క ప్రకారమే. నెమ్మదైన పాటలు పెడితే సూపర్‌మార్కెట్లో జనం నెమ్మదిగా నడిచి ఎక్కువ కొన్నారని, వేగమైన పాటలు పెట్టినప్పటితో పోలిస్తే అమ్మకాలు 38 శాతం ఎక్కువ ఉన్నాయని 1982లో రొనాల్డ్ మిల్లిమన్ చూపించాడు. ఒకే ఇరవై పాటలు రోజంతా తిరుగుతుంటే వినే సేల్స్ అమ్మాయికి ఏమవుతుందో ఆ లెక్కలో లేదు.

కేరళలో ఈ సంగతి చట్టం దాకా పోయింది. కోళికోడ్‌లో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ముందు మూత్రశాలలు కావాలని అడిగారు. తాగితే పోవాల్సి వస్తుందని నీళ్లే తాగకుండా పనిచేసే స్థితి అది. దర్జీ పని చేసుకునే విజి అనే ఆమె ముందుండి, పెన్‌కూట్టు పేరుతో ఆడవాళ్లను కూడగట్టింది. తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు, 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి పనివాళ్లకు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. దానివల్ల ఏ షాపో దివాలా తీసిందని వినలేదు.

పని చోటును మనిషి ఒంటిని చూసి మార్చడమంటే ఏమిటో తెలుసుకోవడానికి కేరళ దాకా పోనక్కర్లేదు, ఉమ్మడి నల్లగొండలోనే దాఖలా ఉంది. పోచంపల్లి చీరకు రంగులు అద్దే ముందు నూలును ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ అర్ధచంద్రాకారంలో దారాన్ని చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడుతుంది, గంటల పని, ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే. మగ్గం ఇంట్లోనే కాబట్టి వాళ్ల ఇల్లే కార్ఖానా. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తిప్పలు పడి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు, దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆరో తరగతి దగ్గరే బడి మానేశాడు. నొప్పి ఏ భుజంలో, ఎన్ని గంటలకు మొదలవుతుందో తెలిసిన మనిషి డిజైన్ చేశాడు కాబట్టి అది పనికొచ్చింది, గోడకు మంచి రంగు వేసి వదిలేసి ఉంటే ఆ భుజం అలాగే ఉండేది.

ఇప్పుడు షాపు రీమోడలింగ్ అంటే కాంట్రాక్టర్ ఫోన్లో త్రీడీ బొమ్మ పంపుతాడు. ఆ బొమ్మలో మనుషులు ఉండరు, టిఫిన్ బాక్సులు, చెప్పులు, హెల్మెట్లు, తడి గొడుగులు ఉండవు. చదరపు అడుగుకింత అని లెక్క కాబట్టి కనపడే అడుగుల మీదే శ్రద్ధ ఉంటుంది, స్టోర్ రూములో అట్టపెట్టెల మధ్య కూర్చొని అన్నం తినే ఆరుగురి సంగతి ఆ ఎస్టిమేట్‌లో ఏ లైన్లోనూ రాదు. యజమాని అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ బొమ్మను తన దగ్గర పనిచేసేవాళ్లకు ఒకసారి చూపించి, మధ్యాహ్నం ఎండ ఎటు నుంచి కొడుతుంది, ఏసీ గాలి ఎవరి నెత్తిన పడుతుంది, ఎక్కడ తింటారు, బాత్రూం ఎటువైపు అని అడిగితే పావుగంట పడుతుంది. నాలుగు స్టూళ్లు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, పైకప్పుకు తెల్ల పూత, రిమోట్ గోడకు తగిలించడానికి ఒక స్టాండు, ఇవన్నీ కలిపినా ముందు పెట్టే బోర్డు ఖర్చంత కావు.